‘నెల్లూరు యాడ నుంచి వచ్చింది?’: దారిలో పిలకాయలు చూసేవి, పెద్దలు వినాల్సినవి

కావలి నుంచి వచ్చే బస్సు కోవూరు దాటి పెన్న వంతెన ఎక్కగానే లోపల సంచులు సర్దుకునే చప్పుడు మొదలవుతుంది. ‘నెల్లూరొచ్చేసింది, లెయ్’ అని తల్లి ఒళ్ళో పడుకున్న నాలుగేళ్ళ పిల్లను తడుతుంది. పిల్ల లేచి, కిటికీలోంచి బయటికి చూసి, ‘నెల్లూరు యాడ నుంచి వచ్చిందిమా?’ అని అడుగుతుంది. ముందు సీటువాళ్ళు వెనక్కి తిరిగి నవ్వుతారు. ‘నెల్లూరు రావడమేంది, మనమే వచ్చాం’ అని తల్లి చెప్పేస్తుంది. మాట అక్కడితో తెగిపోతుంది.

ఆ పిల్ల అడిగినదాంట్లో తప్పు లేదు. బస్సులో కూర్చున్న మనిషి ఒళ్ళు కదలదు. కంటి ముందు కదిలేవి చెట్లు, కరెంటు స్తంభాలు, ఊళ్ళు. పైగా తెలుగు మాట్లాడేవాళ్ళందరం ‘కోవూరు పోయిందా?’, ‘ఇంకా వంతెన రాలేదు’, ‘ఊరొచ్చింది’ అనే అంటాం. మన భాషలో ఊరు వస్తుంది, పోతుంది. కన్ను చెప్పిందీ, అమ్మ మాట చెప్పిందీ ఒకటే అయినప్పుడు పిల్ల రెండింటినీ నమ్మింది. వచ్చినదానికి బయలుదేరిన చోటు ఒకటి ఉండాలి కాబట్టి ఆ చోటేదని అడిగింది. అది ముద్దుమాట కాదు, చక్కటి తర్కం.

మూడు నుంచి ఆరేళ్ళ లోపు పిలకాయలు దారిలో వేసే ప్రశ్నల్లో చాలా భాగం ఈ తరహావే. ముద్దుమాటలనుకుంటే నవ్వుతాం, తప్పులనుకుంటే సవరిస్తాం. ఎటు చేసినా పిల్ల అసలు ఏం చూసిందన్నది మనకు తెలియకుండా పోతుంది. జవాబు చెప్పడానికి ముందు పిల్ల చూసిన చోటు వెతకాలి. బయటికి తీసుకుపోయే పెద్దలకు ఇది అన్నిటికంటే ముందు పని. జవాబు తెలిసి ఉండటం దాని తర్వాత మాట.

బస్సు ప్రశ్నకు ఆ పని ఇట్లా ఉంటుంది. ‘నువ్వు చూసినప్పుడు ఊరు వస్తా ఉందా?’ అని అడిగి, తర్వాతి స్టాపు దాకా ఆగాలి. బస్సు ఆగగానే ‘ఇప్పుడు ఊరు వస్తా ఉందా?’ అనాలి. బస్సు ఆగితే చెట్లూ ఆగుతాయని, కదిలితే చెట్లూ కదులుతాయని రెండు మూడు స్టాపుల్లో పిల్లే పట్టుకుంటుంది. దగ్గరి చెట్టు జారిపోతుంది, దూరపు కొండ జారదు అన్నది ఆ తర్వాతి మెట్టు. ఆత్మకూరు మీదుగా ఉదయగిరి పోయే దారి దీనికి బాగా పనికొస్తుంది. రోడ్డు పక్క వేపచెట్లు పరుగెడతాయి, చేల నడుమ తాడిచెట్లు మెల్లగా జరుగుతాయి, పడమటి వెలికొండలు మాత్రం అట్లాగే నిలబడి ఉంటాయి. ‘ఏది బిరబిరా పోతా ఉంది? ఏది పోకుండా ఉంది?’ అని అడిగితే చాలు, పది నిమిషాల్లో పిల్ల దూరానికి తనదైన కొలత ఒకటి కట్టుకుంటుంది.

ఈ మెట్టు ఎక్కిన పిల్లకే చందమామ సంగతి అర్థమవుతుంది. ‘చందమామ మన ఎనకాలే వస్తా ఉండాడు’ అనని పిల్ల ఉండదు. స్విట్జర్లాండుకు చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త జీన్ పియాజే (1896–1980) పిల్లలను ఇదే అడిగాడు. నడుస్తుంటే సూర్యుడూ చంద్రుడూ వెంట వస్తారనే వాళ్ళూ చెప్పారు. ఇద్దరు మనుషులు చెరో దిక్కుకు పోతే ఎవరి వెంట పోతాడని కూడా ఆయన అడిగి చూశాడు. మిద్దె మీద ఇద్దరు పిలకాయలతో ఇది చేయవచ్చు. ఒకరిని తూర్పు గోడ వైపు, మరొకరిని పడమటి గోడ వైపు నడవమని, ఇద్దరినీ ‘నీ వెంట వచ్చాడా?’ అని అడగాలి. ఇద్దరూ వచ్చాడనే అంటారు. అక్కడ పెద్దలు నోరు మెదపకుండా ఉండాలి. ఒకే చందమామ రెండు దిక్కులకూ ఎట్లా పోయాడన్న చిక్కు వాళ్ళ తలలోనే తిరగాలి. కొందరు ఆ రాత్రే ‘యాడికీ పోవడం లేదు’ అంటారు, కొందరికి ఏళ్ళు పడుతుంది. ‘చందమామ చాలా దూరం’ అన్న జవాబు మాత్రం పనిచేయదు. నాలుగేళ్ళ పిల్లకు దూరమంటే అమ్మమ్మ ఊరు, బస్సెక్కితే వచ్చేస్తుంది. చంద్రుడున్నది సుమారు 3,84,000 కిలోమీటర్ల దూరంలో. మనం 50 కిలోమీటర్లు పోయినా ఆ ప్రయాణం వల్ల అతని దిక్కులో కంటికి తెలిసేంత తేడా రాదు. ఆ అంకె పెద్దలకు. పిల్లకు కొండ, తాడిచెట్టు, వేపచెట్టు చాలు.

మూడడుగుల ఎత్తు నుంచి

నాలుగేళ్ళ పిల్ల సుమారు 100 సెంటీమీటర్ల ఎత్తుంటుంది, కళ్ళు 90 దగ్గర ఉంటాయి. నెల్లూరు ట్రంకురోడ్డు మీద పెద్దలకు కనపడేవి కొట్ల బోర్డులు. పిల్లకు కనపడేవి గడపల ముందు వదిలిన చెప్పులు, మోటారు సైకిళ్ళ సైలెన్సర్లు, అరుగు కింద పడుకున్న కుక్క. ‘ఈ అంగట్లో అందరివీ నల్ల చెప్పులే’ అని పిల్ల అంటే పెద్దలకు అది ఎక్కడి మాటో అంతుపట్టదు. చంకనెత్తుకున్నప్పుడు ఒక ఊరు కనపడుతుంది, నడిపించినప్పుడు ఇంకో ఊరు. కాబట్టి మాట అర్థం కానప్పుడు ‘ఏందీ?’ అని పైనుంచి గద్దించే బదులు, గొంతుక్కూర్చుని తల పిల్ల తల పక్కన పెట్టి, అదే వైపు చూడాలి. సగం ప్రశ్నలకు జవాబు అక్కడే కనపడుతుంది.

ఇంకో చిన్న సాధనం పాత దినపత్రిక. ఒక పేజీని గుప్పెడు లావు గొట్టంగా చుట్టి పిల్ల చేతికిస్తే, చూపు అటూ ఇటూ చెదరకుండా ఒక్క దాని మీద నిలుస్తుంది. గొట్టం ఎటు తిరిగి ఉందో చూసి పెద్దలు పిల్ల చూపును పట్టుకోవచ్చు. బైనాక్యులర్ కంటే ఇదే మేలు. పెద్దల బైనాక్యులర్ రెండు కళ్ళ గొట్టాలను ఎంత దగ్గరికి నొక్కినా చిన్న పిల్లల కళ్ళ ఎడానికి కుదరదు, ఒక్కటిగా కనపడాల్సిన బొమ్మ రెండు గుండ్రాలుగా విడిపోతుంది. ‘కనపడిందా?’ అంటే పెద్దలు సంతోషపడతారని పిల్ల ‘ఆఁ’ అనేస్తుంది. బైనాక్యులరే వాడాలనుకుంటే ఒక వైపు మూతపెట్టి ఒక కంటితోనే చూపించాలి.

నేలపట్టు పక్షుల కేంద్రంలో పిల్ల చూపుకూ పెద్దల చూపుకూ ఉన్న తేడా బాగా తెలుస్తుంది. అది ఉన్న సూళ్ళూరుపేట ప్రాంతం 2022లో తిరుపతి జిల్లాలోకి మారినా, నెల్లూరు కుటుంబాలకు అక్టోబరు నుంచి మార్చి దాకా అది అలవాటైన షికారే. అక్కడి చెరువులో నిలబడ్డ కడప చెట్ల మీద గూడబాతులు గూళ్ళు కడతాయి. ‘ఆ పక్షికి గొంతు కింద సంచి ఉంది’ అంటుంది పిల్ల. ఆ పక్షి తెలుగు పేరును విడదీసి చెబితే సరిపోతుంది. గూడ అంటే ఇద్దరు మనుషులు చెరో వైపు తాళ్ళు పట్టుకొని చేలోకి నీళ్ళు తోడే బుట్ట. ఈ బాతు ముక్కు కింది సంచితో నీళ్ళనూ చేపనూ కలిపి తోడుకుంటుంది, ముక్కు వంచి నీళ్ళు వదిలేసి చేపను మింగుతుంది. ఇంటికొచ్చాక చిల్లుల గరిటె, బకెట్టు ఇస్తే పిల్ల ఆ పని తానే చేసి చూసుకుంటుంది.

పులికాటు సరస్సు నీళ్ళలో ఫ్లెమింగోలను చూసి పిలకాయలు ‘మొహం నీళ్ళల్లో చూసుకుంటా ఉండాయి’ అంటారు. అది ఖచ్చితమైన పరిశీలన. ఆ పక్షి నిజంగానే తల తలకిందులుగా వంచి, పైముక్కు కిందికి వచ్చేట్టు పెట్టి, నీళ్ళలోంచి సన్నజీవాలనూ నాచునూ వడగట్టి తింటుంది. ఆ తిండిలోని రంగు పదార్థాల వల్లే రెక్కలకు గులాబి రంగు వస్తుంది. పిల్ల పక్షులు బూడిద రంగులో ఉండేది అందుకే. ‘బూడిద రంగువి వేరే పక్షులు’ అని పెద్దలు తొందరపడి చెప్పడం ఇక్కడ తరచూ జరిగే పొరపాటు. పిల్ల వాటిని ‘పిల్లలు’ అనుకుంటే పిల్లదే ఒప్పు.

నీళ్ళు ఉడుకుతున్నాయా?

నెల్లూరు నుంచి ఇందుకూరుపేట మీదుగా మైపాడు పోయే దారిలో రొయ్యల గుంటలు కనపడతాయి. గుంటల్లో ఏరియేటర్ల చక్రాలు తిరుగుతూ నీళ్ళను తెల్లగా నురగలు కక్కిస్తుంటాయి. ‘నీళ్ళు ఉడుకుతా ఉండాయి’ అంటుంది పిల్ల. ‘కాదు, అవి ఏరియేటర్లు, ఆక్సిజన్ కోసం’ అన్న జవాబు నిజమే. కానీ పిల్లకు తెలిసింది అన్నం గిన్నె. బుడగలు, నురగ, కదలిక ఈ మూడూ చూసి తనకు తెలిసినదాంతో పోల్చింది. పోలిక తప్పిన చోటు దానికే దొరకనివ్వాలి. ‘అన్నం ఉడికేటప్పుడు ఇంకేం వస్తుంది?’ అంటే ‘పొగ’ అంటుంది. ‘ఇక్కడ వస్తా ఉందా?’ లేదు. ‘పొయ్యి యాడుంది?’ లేదు. ‘మరి నీళ్ళెందుకు ఎగురుతా ఉండాయి?’ చూపు చక్రం మీదికి పోతుంది. ‘చక్రం కొడతా ఉంది’ అని పిల్ల అన్న తర్వాతే ఆక్సిజన్ మాట పనికొస్తుంది. రొయ్యలు నీళ్ళలో కరిగిన గాలితోనే బతుకుతాయి, చక్రాలు ఆ గాలిని కలుపుతాయి. పగలు నీటిలోని నాచు కూడా కొంత ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రి అది ఇవ్వకపోగా వాడుకుంటుంది, కాబట్టి రాత్రుళ్ళు చక్రాల అవసరం ఎక్కువ. ఆరేళ్ళ పిల్లకు ఇదంతా ఎక్కుతుంది. మూడేళ్ళ పిల్లకు ‘రొయ్యలకు ఊపిరి’ అన్న రెండు మాటలు చాలు.

ఇదంతా రోడ్డు మీద నుంచే జరగాలి. గుంట కట్టలు జారుడుగా ఉంటాయి, ఏరియేటర్లకు కరెంటు తీగలు కట్టల మీదుగానే పోతాయి. పిల్ల చేయి పట్టుకొని కూడా కట్ట ఎక్కకూడదు.

ప్రకాశం వైపు టంగుటూరు, కొండపి, కందుకూరు పల్లెల్లో పొగాకు ఆరబెట్టే బ్యారన్ల గురించీ ఇట్లాంటి ప్రశ్నే వస్తుంది: ‘ఆ ఇంటికి కిటికీలు లేవేంది?’ మనుషుల ఇళ్ళన్నిటికీ కిటికీలుంటాయని గమనించిన పిల్ల మాత్రమే ఇది అడగగలదు. లోపల కర్రలకు కట్టిన పచ్చాకు అంతస్తులుగా వేలాడుతుంటుంది. బయటి పొయ్యి వేడి గొట్టాల గుండా లోపలికి పోయి, రోజుల తరబడి ఆకును పసుపురంగుకు తెచ్చి ఆరబెడుతుంది. వేడి బయటికి పోకూడదు కాబట్టి కిటికీలు లేవు, తేమ పోవాలి కాబట్టి పైన గాలి సందులున్నాయి. ‘అది ఆకులు కాపురముండే ఇల్లు’ అన్నా పిల్లకు చాలు.

మైపాడు ఇసుక

సముద్రం దగ్గర పెద్దల చూపు అలల మీద ఉంటుంది, పిలకాయల చూపు పాదాల మీద. కాబట్టే పెద్దలు ఏళ్ళ తరబడి పోయినా చూడనిది పిల్ల మొదటి రోజే చూస్తుంది: ‘కాలు పెడితే ఇసక ఆరిపోతా ఉంది.’

అల వెనక్కిపోయాక గట్టిగా, మెరుస్తూ ఉండే తడి పట్టీ ఒకటుంటుంది. దాని మీద అడుగు వేస్తే పాదం చుట్టూ ఇసుక ఒక్కసారిగా తెల్లబడి పొడిగా కనపడుతుంది. రెండు మూడు క్షణాలకు మళ్ళీ తడిగా మారుతుంది. కాలు తీస్తే ఆ అచ్చులో నీళ్ళు నిలుస్తాయి. బరువు పెడితే స్పంజిలోంచి నీళ్ళు పైకి రావాలి కదా, ఇక్కడ లోపలికి ఎందుకు పోతాయన్నది పెద్దలకూ చిక్కే. దీన్ని వివరించినవాడు ఇంగ్లండు ఇంజనీరు ఆస్బర్న్ రేనాల్డ్స్, 1885లో. అలలు తొక్కి తొక్కి ఆ ఇసుక గింజలను సందు లేకుండా సర్ది ఉంటాయి. అడుగు పడగానే గింజలు ఒకదాని మీదుగా ఒకటి జరగాల్సి వస్తుంది. జరగాలంటే కాస్త ఎడం కావాలి. ఎడమైతే సందులు పెరుగుతాయి, పైనున్న నీరు ఆ సందుల్లోకి దిగుతుంది, పై ఇసుక ఆరినట్టవుతుంది. కిందినుంచి నీరు ఊరి సందులు నిండాక మళ్ళీ తడి.

దీన్ని ఇంటి దగ్గర సీసాతో చూపించవచ్చు. అర లీటరు మెత్తటి నీళ్ళసీసాలో మెడ దాకా ఇసుక పోయాలి. కొద్దికొద్దిగా పోస్తూ, ప్రతిసారీ సీసాను నేలకు తడుతూ గింజలు బాగా సర్దుకునేట్టు చేయాలి. తర్వాత నీళ్ళు సన్నగా పోయాలి. గాలిబుడగలన్నీ పైకి వచ్చేదాకా ఆగి, ఇసుక మీద రెండు వేళ్ళ మందం నీరు నిలబడేట్టు నింపాలి. ఇప్పుడు సీసా పక్కలను మెల్లగా నొక్కితే నీటిమట్టం పైకి రాదు, కిందికి దిగుతుంది. నొక్కే ముందు ‘నీళ్ళు యాడికి పోతాయి?’ అని పిల్లను అడిగి, వేలితో చూపించమనాలి. ప్రయోగం పాడయ్యేది మూడు చోట్ల. ఇసుకను తట్టకుండా వదులుగా పోస్తే నీరు పైకే వస్తుంది. లోపల గాలి మిగిలితే ఏదీ తేలదు. సీసా గట్టిదైతే నొక్కుపడదు. పాడైతే దాచనవసరం లేదు. ‘తట్టిన సీసాలో దిగింది, తట్టని సీసాలో ఎక్కింది’ అని రెండూ పక్కపక్కన పెడితే పిల్లకు ఇంకా ఎక్కువ తెలుస్తుంది.

‘సముద్రం నన్ను ఎనక్కి నెడతా ఉంది’ అన్నది అక్కడ వినపడే రెండో మాట. చీలమండల లోతు నీళ్ళలో సముద్రం వైపు తిరిగి నిలబడ్డ పిల్ల, అల వెనక్కి పోయేటప్పుడు కిందికి చూస్తుంది. కంటి నిండా నీరు ముందుకు పారుతుంటే, ఒళ్ళు వెనక్కి పోతున్నట్టు మెదడు లెక్క వేస్తుంది. ఆగిన రైల్లో కూర్చున్నప్పుడు పక్క రైలు కదిలితే మనమే కదిలినట్టుండటం ఇదే. దానికి తోడు పోయే నీరు మడమల కింది ఇసుకను కోసేస్తుంది, మడమలు దిగి ఒళ్ళు నిజంగానే వెనక్కి వాలుతుంది. అంటే ఆ మాటలో ఒకటి కంటి భ్రమ, మరొకటి నిజం. కళ్ళు మూసుకొని నిలబడమంటే మొదటిది పోతుంది, రెండోది మిగులుతుంది. పిల్ల రెండు చేతులూ పెద్దల చేతుల్లో ఉన్నప్పుడే ఇది చేయాలి. మైపాడైనా కొత్తపట్నమైనా పెద్దవాళ్ళు సముద్రం వైపు నిలబడాలి, పిల్ల ఒడ్డు వైపు ఉండాలి. చేయి చాస్తే అందే దూరం దాటనివ్వకూడదు, సముద్రానికి వీపు పెట్టి ఫోటోలు తీయకూడదు. వెనక్కి పోయే నీటి లాగుడు పిల్ల చెప్పినదానికంటే బలమైనది.

సముద్రం దగ్గరికి పోవాల్సింది ఉదయం ఏడు నుంచి తొమ్మిది, లేదంటే సాయంత్రం నాలుగు తర్వాత. గంటన్నర చాలు. బీచి, గుడి, చుట్టాలిల్లు, సినిమా అన్నీ ఒకే రోజు పెట్టుకుంటే పిల్ల చూడటం మానేసి ఏడవడం మొదలుపెడుతుంది. అది మొండితనం కాదు, అలసట.

చేపల అంగడి దగ్గర

నెల్లూరులో పిల్ల చావును మొదట చూసేది బహుశా చేపల అంగట్లోనే. ‘ఈ చేప నన్నే చూస్తా ఉంది’ అంటుంది. చేపకు రెప్పలు లేవు, చచ్చినా కన్ను తెరిచే ఉంటుంది. పిల్ల గమనించింది సరిగ్గా అదే. తర్వాతి ప్రశ్న ‘నిద్రపోయిందా?’. ఇక్కడ ‘ఆఁ, నిద్రపోయింది’ అనడం పెద్దలు చేసే అన్నిటికంటే చెడ్డ పొరపాటు. ఆ రాత్రి తాత మంచమెక్కితే, లేదా తనకే కళ్ళు మూతలు పడుతుంటే, ఆ మాట భయమై తిరిగొస్తుంది. ‘చచ్చిపోయింది. ఇంక ఈదదు, ఊపిరి పీల్చదు, నొప్పి తెలియదు. మళ్ళీ లేవదు’ అని నెమ్మదిగా, ఉన్నదున్నట్టు చెప్పాలి. చావంటే తిరిగి రాకపోవడమని, ఒంటి పనులన్నీ ఆగిపోవడమని, అందరికీ వస్తుందని పిల్లలు ఒక్కసారిగా తెలుసుకోరు. సాధారణంగా ఐదు నుంచి ఏడేళ్ళ మధ్య ఇవి ఒక్కొక్కటిగా కుదురుకుంటాయి. అందుకే అదే ప్రశ్న వారంలో పదిసార్లు వస్తుంది. పదిసార్లూ అదే జవాబు, అదే గొంతుతో చెప్పాలి. జవాబు మారలేదని తెలుసుకోవడానికే పిల్ల అడుగుతోంది. ఆ రోజు చేపల పులుసు వద్దంటే బలవంతపెట్టనక్కర లేదు, పప్పన్నం పెడితే సరి.

రొట్టెల పండుగలో ఒక ప్రశ్న

బారాషహీద్ దర్గా రొట్టెల పండుగ మొహరం నెలలో వస్తుంది. చాంద్రమాన లెక్క కాబట్టి ఏటా సుమారు 11 రోజులు ముందుకు జరుగుతుంది. స్వర్ణాల చెరువు నీళ్ళలో నిలబడి, కోరిక ఉన్నవాళ్ళు కోరిక తీరినవాళ్ళ చేతుల్లోంచి రొట్టె తీసుకుంటారు. తమది తీరాక వచ్చి ఇంకొకరికి ఇస్తారు. చదువు రొట్టె, ఉద్యోగ రొట్టె, పెళ్ళి రొట్టె, ఆరోగ్య రొట్టె అని దేని పేరు దానిది. ఐదారేళ్ళ పిల్ల ఇదంతా విని ‘మరి మొదటి రొట్టె ఎవరిచ్చారు?’ అంటుంది. తీసుకున్నవాళ్ళే ఇస్తారంటే మొదటి మనిషి ఎవరి దగ్గర తీసుకున్నాడు? పిల్ల అక్కడ ఒక గొలుసు చూసి, దాని మొదలు కోసం వెతికింది. దీనికి కథ అల్లి చెప్పకూడదు. ‘నీకేమనిపిస్తుంది?’ అని అడిగి ఊరుకోవాలి. ‘ఎవరో ఊరికే ఇచ్చుంటారు’ అని పిల్లే అంటే, దానికంటే మంచి జవాబు పెద్దల దగ్గరా ఉండదు.

ఊరుకోవడం చెప్పినంత తేలిక కాదు. అమెరికా విద్యా పరిశోధకురాలు మేరీ బడ్ రో 1970లలో తరగతి గదులను గమనించి, టీచర్లు ప్రశ్న అడిగాక సగటున సెకను పాటే ఆగుతున్నారని, మూడు సెకన్లు, ఆపైన ఆగితే పిల్లల జవాబులు పొడవవుతాయని, వాళ్ళే ప్రశ్నలు అడగడం పెరుగుతుందని చూపించారు. దారిలో ఇంట్లోవాళ్ళకూ ఇదే కొలత. అడిగి, లోపల మూడు అంకెలు నెమ్మదిగా లెక్కపెట్టుకోవాలి.

రొట్టెల పండుగ జనంలో పిల్లకు నడుములు తప్ప ఏమీ కనపడవు, తప్పిపోవడం తేలిక. నీళ్ళలోకి దిగే చోటు కాబట్టి జేబులో చీటీ తడిసిపోతుంది. ఫోన్ నంబరును చెరగని మార్కరుతో చేతి లోపలి వైపు రాయాలి. ఆ రోజు వేసిన గుడ్డలతో పొద్దున్నే ఒక ఫోటో తీసుకోవాలి. ‘మీ అమ్మ పేరేంటి?’ అంటే ‘అమ్మ’ అనే వయసు కాబట్టి, అమ్మానాన్నల పేర్లు పలకడం ఇంట్లోనే నేర్పి తీసుకుపోవాలి.

హోటల్లో తగువు

ఎత్తు గ్లాసులో అన్నకు, వెడల్పు గ్లాసులో చెల్లెలికి ఒకే కొలత మజ్జిగ వస్తే చెల్లెలు ‘నాకు తక్కువ’ అని ఏడుస్తుంది. ఒకే సైజు దోశెల్లో అన్నదాన్ని నాలుగు తుంపులు, చెల్లెలిదాన్ని రెండు తుంపులు చేస్తే మళ్ళీ అదే. ఇది అత్యాశ కాదు. పియాజే పేరుతో తెలిసిన ప్రయోగాల్లో ఇది ఒకటి. ఆరేడేళ్ళ లోపు పిల్లలు ఎత్తునో, ముక్కల సంఖ్యనో ఒక్కదాన్నే కొలతగా పట్టుకుంటారు. ‘రెండూ ఒకటే’ అని నాలుగేళ్ళ పిల్లతో వాదించి గెలిచినవాళ్ళు లేరు. ఒకే రకం గ్లాసులడిగి వాటిలోకి మార్చాలి, దోశెలను ఒకే లెక్కన తుంచాలి. వాదన ఇంటి దగ్గర నీళ్ళూ గిన్నెలతో ఆటగా చేసుకోవచ్చు.

రాసుకోవడం, గీయించడం

పిల్ల అన్న మాట అదే రాత్రి రాసుకోవాలి. తేదీ, చోటు, అన్న మాట ఉన్నదున్నట్టు, అప్పుడు ఎటు చూస్తోంది: నాలుగు వరుసలు చాలు. తెల్లవారితే ఆ మాట పెద్దల మాటగా మారిపోతుంది. ‘మేము బీచికి పోదాం’ అని ఉంటే అట్లాగే రాయాలి. మనం, మేము తేడా పిల్లకు ఇంకా కుదరలేదని ఆ తప్పే చెబుతుంది. ఎదురుగా తప్పు దిద్దే బదులు ‘ఆఁ, మనం పోదాం’ అని సరైన మాటతో జవాబిస్తే సరిపోతుంది. చుట్టాల ముందు ‘నిన్న ఏమన్నావో చెప్పమ్మా’ అని పాఠంలా అప్పజెప్పిస్తే మాత్రం పిల్ల ఇక చూసినదాన్ని కాక, నవ్వు వచ్చేదాన్ని చెప్పడం నేర్చుకుంటుంది.

గీయడానికి పలక మంచిది. కాగితం మీద తప్పు మిగిలిపోతుంది, పలక మీద చేత్తో తుడిచి మళ్ళీ మొదలుపెట్టవచ్చు. మార్కాపురం పలకరాయి దొరికితే ఇంకా బాగు. ఎప్పటిదో బురద, నేల లోపల ఒత్తిడికి, వేడికి పొరలు పొరలుగా గట్టిపడి రాయి అయిందని, అందుకే పల్చటి రేకులుగా చీలుతుందని చెబితే పిల్ల దాని అంచు తడిమి చూస్తుంది. ‘ఏం గీశావు?’ అనే బదులు ‘ఇక్కడ ఏం జరుగుతా ఉంది?’ అని అడగాలి. తుడిచేముందు ఒక ఫోటో తీసిపెట్టుకోవాలి.

పిల్ల మాటలు రాసుకునే పుస్తకంలో ఒక చోటికి కనీసం రెండు కాలాల రాతలుండాలి. దానికి పెన్న సరైనది. ఎండాకాలంలో నెల్లూరు దగ్గర చాలా మేర ఇసుకే. ‘ఏరంటివి, ఇసకే ఉందే. ఏరు యాడికి పోయింది?’ అంటుంది పిల్ల. పైన సోమశిల డ్యాంలో నీళ్ళు ఆపారన్నది నిజమైన జవాబే, కానీ కంటికి కనపడదు. కనపడేది చెలమ. ఇసుక కాస్త నల్లగా, చల్లగా ఉన్న చోట చేతులతో గిన్నెలా తవ్వాలి. అంచులు నిలువుగా ఉంటే కూలుతాయి కాబట్టి వెడల్పుగా, వాలుగా తీయాలి. మోచేతి లోతుకు నీరు ఊరకపోతే చోటు మార్చాలి. ఇసుక తవ్వకాల పెద్ద గుంతల దరిదాపులకు పోకూడదు. అడుగున నీరు మెల్లగా చేరుతుంటే, ఏరు ఇసుక కింద ఉందని పిల్ల తన చేతులతో తెలుసుకుంటుంది.

మన జిల్లాకు వానలు ఎక్కువగా పడేది ఈశాన్య రుతుపవనాలప్పుడు, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. పైనుంచి నీళ్ళు వదిలిన నవంబరు రోజొకటి చూసుకొని, అదే పిల్లను అదే వంతెన మీదికి తీసుకుపోవాలి. కమ్మీల సందులోంచి కింద ఎర్రగా పారే నీళ్ళను కాసేపు చూసి, పిల్ల ‘మరి ఇసక యాడికి పోయింది?’ అని అడుగుతుంది. ఎండాకాలం రాసుకున్న ప్రశ్న కింద, తేదీ వేసి, దాన్ని రాయాలి.